చుక్కరాని మేస్త్రి ఇంట్లో కారే కుళాయి

మా బావ వంటింట్లో కుళాయి కారుతోంది. ఏడాది దాటింది. నిమిషానికి పదిహేనో పదహారో చుక్కలు, కింద పెట్టిన ఇత్తడి గిన్నెలో పడుతుంటాయి. పేటంతా నవ్వుకుంటోంది. మొన్న టీకొట్టు దగ్గర ఒకడు నా ఎదుటే "చుక్కరాని మేస్త్రి ఇంట్లోనే కుళాయి కారుతోందట, ఇక మన గతేంటి?" అన్నాడు. నా చేతిలో టీ వాడి నెత్తిన గుమ్మరించాలనిపించింది. గుమ్మరించలేదు. నాకు కోపమే గానీ చెయ్యి లేవదు. లేవాల్సిన రోజున నోరూ లేవలేదు. దాని గురించే ఈ రాత.

బావంటే మా అక్క మొగుడు. నలభై రెండేళ్ళు పైపుల పని చేశాడు. అందులో ముప్పై ఏళ్ళు నేనూ ఆయన పక్కనే ఉన్నాను, రెంచి ఆయన చేతిలో, పైపు రెండో కొస నా చేతిలో. మా అక్క పోయి ఎనిమిదేళ్ళయింది. ఆవిడ పోయినా బావ నన్ను వదల్లేదు, నేనూ ఆయన్ని వదల్లేదు.

బావ వాళ్ళ నాన్న కావిడితో ఇళ్ళకు నీళ్ళు మోసేవాడు. భుజం మీద కాయ కాసి, చివరి రోజుల్లో ఆ భుజం పైకి లేచేది కాదట. ఇంట్లో ఎవరైనా చెంబెడు నీళ్ళు ఒలకబోస్తే ఆ ముసలాయన అన్నం మానేసేవాడు. ఆ ఇంట్లో పెరిగినవాడు కాబట్టి మా బావకు కారే కుళాయి చూస్తే ఒళ్ళు మండుతుంది. పరాయి ఇంటికి భోజనానికి పిలిచినా సరే, ఎక్కడో టప్ మన్న చప్పుడు వినిపిస్తే చెయ్యి కడుక్కుని లేచి, జేబులోంచి రెంచి తీసేవాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు మా ఇంటి పెరటి కుళాయి బాగుచేసి వచ్చాడు. అక్కను సరిగ్గా చూడనే లేదని ఆవిడ చచ్చేదాకా దెప్పుతూనే ఉంది.

ఆయన పనిలో ఒక పద్ధతుండేది. జాయింటు బిగించి నీళ్ళు వదిలాక, దాని చుట్టూ పొడి న్యూస్‌పేపరు ముక్క చుట్టి, ఎదురుగా గంటసేపు కూర్చునేవాడు. ఇంటివాళ్ళు విసుక్కున్నా కదిలేవాడు కాదు. గంటయ్యాక కాగితం విప్పి బుగ్గకు ఆనించుకుని చూసేవాడు. చెమ్మ తగిలిందా, అంతా విప్పి మళ్ళీ మొదలు. నేను ఇంటికి వెళ్ళి భోంచేసి వచ్చినా ఆ కాగితం ముందే ఉండేవాడు. అలా వచ్చింది ఆ పేరు, చుక్కరాని మేస్త్రి. తాగుడు అలవాటు కూడా లేదు కాబట్టి రెండు విధాలా సరిపోయిందని మావాళ్ళు నవ్వేవాళ్ళు.

"పైపు చెడ్డది కాదురా, జాయింటు చెడ్డది" అనేది ఆయన వేదం. ఎన్ని అతుకులుంటే అన్ని తగాదాలు. ఏ పైపు వేయించుకోవాలని ఎవరైనా అడిగితే చుట్టరికాలు పెట్టి చెప్పేవాడు.

"ఇనుము అత్తగారండీ. బయటికి గట్టి, లోపల్లోపల తుప్పు. ఇరవై ఏళ్ళకు కోసి చూడండి, పెన్సిలు పట్టేంత సందు కూడా మిగలదు. రాగి డబ్బున్న చుట్టం. ఇంట్లో ఉంటే గొప్పే, దొంగల కళ్ళన్నీ దానిమీదే. ప్లాస్టిక్ కొత్తల్లుడు. తేలిగ్గా కలిసిపోతాడు, కాస్త వేడి తగిలిందా వంకరపోతాడు, ఎండలో పెడితే పెళుసెక్కి విరుగుతాడు."

"మరి సీసం?" అని నేను అందించాలి. అది మా ఇద్దరికీ అలవాటైన ఆట.

"సీసం మేనమామ. ఎటు వంచితే అటు వంగుతాడు. గోడ తిరిగితే తనూ తిరుగుతాడు, అతుకక్కర్లేదు. మా బావమరిది లాగా" అని నా వీపు చరిచేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి.

వేడినీళ్ళకని వేరే రకం ప్లాస్టిక్ వచ్చింది, లేత పసుపు రంగుది. వంగదు, తుప్పు పట్టదు. ఊరంతా అదే వేస్తున్నారు, నేనూ వేశాను. బావ మాత్రం ఇంటివాళ్ళు పట్టుబడితే తప్ప ముట్టేవాడు కాదు. "జిగురు పెట్టి అంటించడం పనేనా? గాలిపటాలు చేసుకునేవాళ్ళ పని అది" అనేవాడు.

చాలా ఏళ్ళ కిందట ఒక పాత హోటల్లో పైపులన్నీ మార్చే పని మాకొచ్చింది. నీళ్ళ ఆఫీసు ఉత్తర్వు, సీసం పైపు ఎక్కడున్నా తీసెయ్యాలని. పని చూడ్డానికి ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. బావ నిచ్చెన మీద ఉన్నాడు, నేను కింద ఉన్నాను. ఎందుకమ్మా ఇంత మంచి సరుకు పీకేస్తున్నారు అని అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూసి నెమ్మదిగా చెప్పింది. "నీళ్ళల్లోకి దిగుతుంది బాబూ. రంగుండదు, రుచుండదు. పెద్దవాళ్ళు ఎలాగో తట్టుకుంటారు. పిల్లల మెదడు తినేస్తుంది."

ఆ మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నిచ్చెన మీదున్న బావకు అది వినిపించలేదు. సాయంత్రం ఆయన ఒక్క అతుకు కూడా లేని ఇరవై అడుగుల సీసం పైపు ఎంచి చుట్టగా చుట్టి, గోనెలో పెట్టి ఇంటికి పట్టుకెళ్ళాడు. మా పనిలో అందరూ చేసేదే అది. పీకిన దాంట్లో బాగున్న ముక్క ఇంటికి చేరుతుంది. ఆ గోనె ఆయన మంచం కిందకు వెళ్ళింది. ఏళ్ళతరబడి అక్కడే ఉంది. అక్క ఊడ్చినప్పుడల్లా కాలికి తగిలి తిట్టేది.

ఆరేళ్ళ కిందట నా మేనకోడలు, అంటే బావ కూతురు, కడుపుతో పుట్టింటికొచ్చింది. అల్లుడు ఓడలో పని, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఇక ఇక్కడే ఉండి కుట్టుపని చేసుకుంటానంది. బావ ఇంట్లో అప్పటికి వంటింటికి కుళాయి లేదు. పెరట్లో పాత ఇనప పైపు కుళాయి ఒకటి, దాంట్లోంచి ఎర్ర నీళ్ళు. గుడ్డ కట్టి వడగట్టి, బిందెతో లోపలికి తెచ్చుకోవాలి. ఊరందరి వంటిళ్ళలోకి నీళ్ళు తెచ్చినవాడి ఇంట్లో ఆ గతి. ఒకరోజు కూతురు బిందె ఎత్తుతూ నడుం పట్టుకుని నిలబడడం చూశాడు. ఆ రోజే మంచం కింద గోనె బయటికి లాగాడు.

నన్ను పిలిచాడు. వెళ్ళేసరికి నేల తవ్వేసి ఉంది, గోడ వారగా సన్నటి గాడి. సీసం చుట్టను ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుస్తున్నాడు.

"బావా, ఇది వద్దని కదా ఆ హోటల్లో మనచేత పీకించారు" అన్నాను.

"పీకించింది ఎవరు?"

"నీళ్ళ ఆఫీసు వాళ్ళు."

"వాళ్ళ మాట వేదమా? ఆ హోటల్లో ఎనభై ఏళ్ళు తాగారు జనం. ఎవడు చచ్చాడు? ప్లాస్టిక్ సరుకు కదలాలి కదా, అందుకని సీసానికి చెడ్డపేరు పెట్టారు."

"ఏమో బావా. పసిబిడ్డ తిరగబోయే ఇల్లు."

"ఆ పసిబిడ్డ కోసమేరా. ఇన్నేళ్ళు మంచం కింద దాచింది ఎవరి కోసమనుకున్నావ్? పుట్టబోయే బిడ్డ పాలల్లోకి ప్లాస్టిక్ నీళ్ళు కలుపుతానా? వీధి మెయిన్ పైపు దగ్గర్నుంచి కుళాయి దాకా ఒక్క అతుకు ఉండదు చూడు."

ఆఫీసావిడ చెప్పిన మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. పక్క గదిలో మేనకోడలు కూర్చుని చిన్న చొక్కాలు కుడుతోంది. మిషను చప్పుడు వినిపిస్తోంది. కడుపుతో ఉన్న పిల్ల వింటుండగా పిల్లల మెదడు తినేస్తుందనే మాట నోట ఎలా వస్తుంది? తర్వాత చెబుదాం అనుకున్నాను. బావ ఒక కొస నా చేతికిచ్చాడు. పట్టుకున్నాను. ఆయన ఎటు చెబితే అటు వంచాను. గోడ తిరిగిన చోట పైపు మెత్తగా తిరిగింది. మేనమామ ఎటు వంచితే అటు వంగుతాడని ఆయన ఊరికే అనలేదు.

సాయంత్రానికి కుళాయి వచ్చింది. కాగితం చుట్టాడు. గంటయ్యాక విప్పి బుగ్గకు ఆనించుకున్నాడు. పొడిగా ఉంది. ఆయన మొహంలో అంత సంతోషం నేను మా అక్క పెళ్ళిలో కూడా చూడలేదు.

ఆ తర్వాత చెబుదామనుకున్నది ఎప్పుడూ చెప్పలేదు. పాపాయి పుట్టింది, సందడి. పనులు, సందడి. మనిషికి మరిచిపోవాలనుకుంటే సాకులు వెతుక్కోనక్కర్లేదు, అవే వచ్చి ఒళ్ళో కూర్చుంటాయి.

పాపాయిని పిచ్చుక అనేవాళ్ళం. ఎప్పుడూ ఏదో కిచకిచ. ఏడాదిన్నర దాటాక మొదటి మాట వచ్చింది. అమ్మా అని కాదు, తాతా అని కాదు. బావ దాన్ని చంకనేసుకుని ఎదురింటి కుళాయి బాగుచెయ్యడానికి వెళ్ళాడు. కారుతున్న నీటిబొట్టును చూపించి "ఏంటమ్మా అది? చుక్క. చుక్క" అన్నాడు. అది వేలు చూపించి "చుక్క" అంది. ఆ పూట బావ వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. "మా వంశం పిల్లరా. రెంచి చేతికిస్తే రేపే పనిలోకి దిగుతుంది" అన్నాడు. రెండేళ్ళు నిండేసరికి ముప్పై మాటలు. చిన్నతాతా అని నన్ను పిలిచేది, చిన్న పలకలేక చిన్ని అనేది.

మూడో ఏడు వచ్చాక మాటలు ఒక్కొక్కటే పోవడం మొదలైంది. ముందు నా పేరు పోయింది. పిలిచినా పలికేది కాదు. కడుపునొప్పని మెలికలు తిరిగేది, తిన్నది వంటబట్టేది కాదు, మొహం పాలిపోయింది. ఊరికే కోపం, జుట్టు పీక్కోవడం. చుట్టుపక్కలవాళ్ళు తలో మాటా అన్నారు. కొందరికి మాటలు ఆలస్యమనీ, వాళ్ళ నాన్న కూడా నాలుగేళ్ళకు గానీ మాట్లాడలేదనీ. రాని మాటలు ఆలస్యంగా వస్తాయి, నిజమే. వచ్చిన మాటలు వెనక్కి పోతాయా అని మేనకోడలు వాళ్ళని అడిగింది.

బావ చెయ్యగలిగిందల్లా చేశాడు. తెల్లవారకముందే లేచి, వంటింటి కుళాయి తిప్పి, మొదటి చెంబు నీళ్ళు పిల్ల కోసం పట్టేవాడు. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళు చల్లగా తేటగా ఉంటాయని ఆయన నమ్మకం. వాళ్ళ నాన్న కొడుకు కదా, ఒక్క చుక్క పారబొయ్యడు. ఆ నీళ్ళను సగం అయ్యేదాకా కాచి, చల్లార్చి, పిల్లకు పట్టేవాడు. పాలూ వాటితోనే కలిపేవాడు. ఆ మధ్య ఆయన చేతులు కూడా వణకడం మొదలుపెట్టాయి. వయసురా అనేవాడు. నేనూ వయసే అనుకున్నాను.

పిల్లకు నాలుగు నిండాక పిల్లల డాక్టరమ్మ దగ్గరకు మేనకోడలితో పాటు నేనూ వెళ్ళాను. బావకు ఆ రోజు కడుపు నొప్పి, రాలేదు. రక్తం తీసుకుని వారం తర్వాత మళ్ళీ రమ్మన్నారు. వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం చూసి, పిల్ల రక్తంలో సీసం చాలా ఎక్కువుందంది.

"ఇంట్లో పాత రంగులు గీకారా? బ్యాటరీలు విప్పుతారా? సీసంతో పని చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"లేరండీ" అంది మేనకోడలు. "మా నాన్నది పైపుల పని. అవి ఇనుమూ ప్లాస్టికూనే." నా వైపు తిరిగింది. "కదూ మామయ్యా?"

దానికి తెలీదు. నేల కింద ఏముందో తండ్రి చెప్పలేదు, అది అడగలేదు. ఈసారి నోరు తెరిచాను. తెరిచి అంతా చెప్పాను.

డాక్టరమ్మ కేకలెయ్యలేదు. వేస్తే బాగుండేది. ఆ కుళాయి నీళ్ళు ఇక ముట్టొద్దంది. కాచి పోస్తున్నామని మేనకోడలు చెబితే, "కాచితే నీళ్ళు ఆవిరై పోతాయమ్మా, సీసం పోదు. ఇంకా చిక్కబడుతుంది. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళయితే మరీ ఎక్కువ" అంది. మందులు రాసింది. ఇంకా పెరగకుండా ఆపగలం, పోయింది ఎంత తిరిగొస్తుందో నేను చెప్పలేను అంది. బస్సులో మేనకోడలు పిల్లను ఒళ్ళో పెట్టుకుని వేరే సీటులో కూర్చుంది. ఇల్లు చేరేదాకా నా వైపు చూడలేదు.

బావ నమ్మలేదు. పిల్ల తాగే ప్లాస్టిక్ గ్లాసు వల్ల అన్నాడు. బొమ్మల రంగు వల్ల అన్నాడు. లోకంలో ఉన్న పైపులన్నిటి తప్పులూ ఏకరువు పెట్టాడు, సీసం తప్ప. చివరికి రెండు సీసాలు తెచ్చుకుని, పొద్దున్నే వంటింటి నీళ్ళు ఒకదాంట్లో, పెరటి నీళ్ళు ఒకదాంట్లో పట్టి, తనే స్వయంగా పరీక్షకు ఇచ్చి వచ్చాడు. ఫలితం వచ్చాక నన్ను పిలిచి చదవమన్నాడు. వంటింటి నీళ్ళల్లో సీసం ఉండదగిన దానికి ఎనిమిది రెట్లుంది. పెరటి నీళ్ళల్లో తుప్పు తప్ప ఏమీ లేదు.

"మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను.

"ఆ తుప్పు నీళ్ళే తాగి ఉంటే" అని ఆగిపోయాడు. గునపం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

మధ్యాహ్నం దాకా తవ్వాడు. సాయం పట్టబోతే మోచేత్తో నెట్టేశాడు. పైపు బయటికొచ్చింది. మట్టి తుడిస్తే మేం వేసిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది. ఎక్కడా సొట్ట లేదు, చెమ్మ లేదు. గాడిలో మట్టి పొడిపొడిగా రాలుతోంది. ఆయన ఆ పొడిమట్టిని గుప్పిట పట్టి చూస్తూ కూర్చుండిపోయాడు.

అప్పుడు చెప్పాను. "నాకు ముందే తెలుసు బావా. ఆ హోటల్లో ఆఫీసావిడ నాతో చెప్పింది, పిల్లల మెదడు తినేస్తుందని. ఇది వేసిన రోజున ఆ మాట నీకు చెప్పలేకపోయాను."

చేతిలో మట్టి గాడిలోకి వదిలేశాడు.

"ఆ రోజు చెప్పి ఉంటే నిన్ను కొట్టేవాణ్ణిరా" అన్నాడు. "కొట్టించుకోవాల్సింది."

అంతే. ఆ తర్వాత ఇప్పటి వరకూ ఆ ఊసు ఎత్తలేదు. తిట్టి ఉంటే మోయగలిగేవాణ్ణి, మోయడం నాకు అలవాటే. ఇదిలా ఉండిపోయింది.

మర్నాడు లేత పసుపు ప్లాస్టిక్ పైపు కొనుక్కొచ్చాడు. తనే వేస్తానన్నాడు. నలభై రెండేళ్ళలో తన ఇంట్లో మొదటి ప్లాస్టిక్ పైపు. జిగురు పూయాలి, తొయ్యాలి, కదలకుండా కాసేపు పట్టుకోవాలి. ఆ వణికే చేతులు కదలకుండా ఎలా ఉంటాయి? కుళాయి దగ్గర చివరి జాయింటు వంకరగా కూర్చుంది. నీళ్ళు వదిలాడు. కాగితం చుట్టాడు. గంట అవసరం లేకపోయింది, నా కళ్ళ ముందే కాగితం నల్లబడి జారిపోయింది. జాయింటు కింద బొట్టు ఊరి, కుళాయి వెంట జారి, మూతి దగ్గర వేలాడి, టప్ మని పడింది.

"లే బావా, కోసి మళ్ళీ అంటిస్తాను. పది నిమిషాల పని" అన్నాను.

"ఆగు" అన్నాడు.

పిల్ల గుమ్మంలో నిలబడి చూస్తోంది. బావ చెయ్యి చాపాడు. వచ్చింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ బొట్టు వైపు వేలు చూపించాడు.

"ఏంటమ్మా అది? తాతకు చెప్పు. ఏంటది?"

పిల్ల చూసింది. చిటికెన వేలు పెట్టింది. వేలి మీద పడ్డ నీళ్ళను గౌనుకు తుడుచుకుంది. ఆయన అడుగుతూనే ఉన్నాడు. అది ఒళ్ళోంచి జారి వెళ్ళిపోయింది. మేనకోడలు తలుపు చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను రంపం తీశాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టుకోవద్దు. అది చెప్పేదాకా ఉండనీ."

మందులు పనిచేస్తున్నాయి. పిల్లకు కడుపునొప్పి తగ్గింది, మొహానికి కళ వచ్చింది, అమ్మా అని మళ్ళీ అంటోంది. నీళ్ళు అని చెబితే గ్లాసు అందుకుని తాగుతుంది. మిగతా మాటలు ఇంకా రాలేదు. అయిదు నిండి ఆరో ఏడు నడుస్తోంది. బావ రోజూ పొద్దున దాన్ని చంకనేసుకుని ఆ కుళాయి దగ్గర కూర్చుని అదే ప్రశ్న అడుగుతాడు. నిండిన గిన్నె తీసుకెళ్ళి మొక్కలకు పోసి, మళ్ళీ తెచ్చి కింద పెడతాడు. నా సంచిలో జిగురు డబ్బా, కొత్త జాయింటు ముక్క ఎప్పుడూ ఉంటాయి. రోజూ ఆ గుమ్మం దాకా వెళ్ళి, చుక్క పడుతున్న చప్పుడు విని వెనక్కి వస్తాను.